భుజం నుంచి మొదలుపెడదాం

మీలో ఎవరైనా ఇప్పుడు కుర్తా వేసుకుని ఉంటే, రేడియో వింటూనే, ఒకసారి కుడిచేత్తో ఎడమ భుజాన్ని తడిమి చూడండి. చేయి అతికిన కుట్టు మీ వేలికి ఎక్కడ తగిలింది? భుజం ఎముక అయిపోయి చేయి మొదలయ్యే చోట చిన్న గుంట లాంటిది ఉంటుంది. చేతిని పక్కకు భుజమంత ఎత్తుకు లేపితే అది ఇంకా బాగా తెలుస్తుంది. కుట్టు ఆ గుంట మీదే ఉంటే ఆ కుర్తా మీకు కుదిరినట్టే. అది జారి చేతి మీదకు వచ్చిందంటే మాత్రం, ఆ కుర్తాను ఛాతీ కొలత చూసి కొన్నారన్నమాట. లేదా ఛాతీ కొలత ఒక్కటే చూసి ఎవరో కుట్టి ఇచ్చారన్నమాట.

ఇవాళ ఇంట్లో మన డ్రెస్సు మనమే కుట్టుకోవడం గురించి మాట్లాడుకుందాం. మన ఇళ్లలో డ్రెస్సు అంటే ఎక్కువగా కుర్తానే కాబట్టి దాన్నే తీసుకుంటాను. మిషన్ తొక్కడం నేర్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. తిన్నగా కుట్టు వేయడం, పైపింగ్ పెట్టడం, హెమ్మింగ్ చేయడం నెలా రెండు నెలల్లో వచ్చేస్తాయి. చాలామంది ఆగిపోయేది ఆ తర్వాత. కాగితం మీద గీసిన కటింగును తమ ఒంటికి తగ్గట్టు మార్చుకోవడం ఎవరూ చెప్పరు. దాంతో ఇంట్లో మిషన్ ఉండి, చేయి తిరిగి ఉండి కూడా, "నా ఒంటికి ఏదీ సరిగ్గా కూర్చోదండీ" అంటూ గుడ్డ తీసుకెళ్లి టైలరుకు ఇచ్చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒంట్లో తప్పేమీ లేదు. కుదరనిది కాగితం. కాగితాన్ని కోయవచ్చు, జరపవచ్చు, అతికించవచ్చు, నచ్చకపోతే మళ్లీ గీయవచ్చు.

అసలు ఈ సైజులు ఎక్కడి నుంచి వచ్చాయి? 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ, ఒకే దుస్తును రకరకాల సైజుల్లో పలచటి కాగితం మీద కత్తిరించి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు దొరికే నమూనాలు ఒకే సైజులో వచ్చేవి. ఒంటికి తగ్గట్టు పెంచుకోవడం, తగ్గించుకోవడం ఇంటావిడ పనే. బటరిక్ కాగితాలతో ఆ శ్రమ కొంత తగ్గింది. అయితే ఆ సైజులకు ఆధారమైన కొలతలు ఎవరివి? చాలాకాలం ఏ కంపెనీ లెక్క దానిదే. చివరికి 1939, 1940 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ సుమారు 15 వేల మంది స్త్రీల కొలతలు తీయించింది. వ్యవసాయ శాఖకు ఈ పనేమిటి అనిపించవచ్చు. గృహ విజ్ఞాన విభాగం అక్కడ ఆ శాఖ కిందే ఉండేది. రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనే ఇద్దరు ఆ కొలతలన్నీ క్రోడీకరించి 1941లో నివేదిక ఇచ్చారు. అందులో తెల్లజాతి స్త్రీల కొలతలు మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. తర్వాత చాలా ఏళ్ల పాటు అమెరికాలో ఆడవాళ్ల సైజులకు పునాది అదే.

మన దేశంలో మనవాళ్ల ఒళ్లు కొలిచి సైజులు కట్టాలన్న పని ఇటీవలే మొదలైంది. ఇండియాసైజ్ పేరుతో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, అంటే నిఫ్ట్ సంస్థ దాన్ని చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25 వేల మందిని, ఒంటికి తాకకుండా కొలిచే స్కానర్లతో కొలవాలని సంకల్పించింది. ఎంచుకున్న ఆరు నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఉంది. మంచి పని, కావలసిన పని. కానీ ఎంత శ్రద్ధగా కొలిచినా చివరకు వచ్చేది సగటు. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న అక్కచెల్లెళ్లను పక్కపక్కన నిలబెట్టండి. ఒకరికి భుజాలు వెడల్పు, ఇంకొకరికి నడుము పొట్టి. పట్టిక ఎవరిదైనా, చివర్లో మన ఒంటికి దిద్దుకోవలసిన పని ఒకటి మనకు మిగిలే ఉంటుంది.

ఆ దిద్దుబాటు మనకు తెలియనిదేమీ కాదు. ప్రతి తెలుగింట్లోనూ ఒక ఆది జాకెట్టు ఉంటుంది. సరిగ్గా కుదిరిన ఆ ఒక్కదాన్ని బీరువాలో జాగ్రత్తగా దాచి, కొత్త జాకెట్టు కుట్టించినప్పుడల్లా టైలరుకు ఇస్తాం. చంక దగ్గర అర అంగుళం లూజు వదలమనీ, లోపల గుడ్డ ఎక్కువ ఉంచమనీ చెబుతాం. జాకెట్టులో గుడ్డను ఒంటి వంపుకు తిప్పేవి డాట్లు. కటోరీ అయినా, ప్రిన్సెస్ కట్ అయినా, మామూలు నాలుగు డాట్ల జాకెట్టు అయినా చేసే పని ఒక్కటే. బల్లపరుపుగా ఉన్న గుడ్డను ఎత్తుపల్లాల మీద నిలబెట్టడం. అదే మనం కుర్తా దగ్గరకు వచ్చేసరికి డాట్లు మానేస్తాం. ముందొక పలక, వెనకొక పలక, రెండు పక్కల కుట్లు, అంతే. ఛాతీకి చాలకపోతే మొత్తం కుర్తానే ఒక సైజు పెంచేస్తాం. ఆ పెరుగుదల ఛాతీ దగ్గరే ఆగదు. భుజం వెడల్పవుతుంది, మెడ జారుతుంది, చంక కిందకు దిగుతుంది. కావలసింది రెండు అంగుళాలు, అదీ ఒకే చోట. మనం పెంచింది ఒళ్లంతా.

అందుకే కొలతలు తీసేటప్పుడు ఛాతీని రెండుసార్లు కొలవమంటాను. మొదటిది పైఛాతీ. టేపును వీపు మీదుగా తెచ్చి, రెండు చంకల కిందుగా, రొమ్ముకు పైభాగాన చుట్టి చూడాలి. రెండోది మామూలుగా అందరూ తీసే ఛాతీ కొలత, రొమ్ము అన్నిటికన్నా నిండుగా ఉన్నచోట. టేపు వీపు మీద జారిపోకుండా, నేలకు సమంగా ఉండాలి. ఊపిరి బిగపట్టకూడదు. మీ కొలతలు మీరే తీసుకోకండి. చేయి ఎత్తగానే వీపు కొలత మారిపోతుంది. అమ్మనో, చెల్లినో, పక్కింటి వదిననో పిలవండి. నడుము ఎక్కడుందో తెలియాలంటే ఒక నాడా కట్టుకుని, అటూ ఇటూ రెండుసార్లు వంగి లేవండి. నాడా వచ్చి ఆగిన చోటే నడుము. లంగా కట్టుకునే చోటు చాలామందికి దానికంటే కిందుగా ఉంటుంది. భుజం నుంచి భుజానికి, వీపు మధ్యన చంక నుంచి చంకకు, భుజం నుంచి రొమ్ము మొన దాకా, సీటు చుట్టూ, చేతి కండ చుట్టూ కూడా కొలిచి రాసుకోండి. కూర్చున్నప్పుడు సీటు పెరుగుతుంది, ఊపిరి తీసినప్పుడు ఛాతీ పెరుగుతుంది. కాబట్టి ఈ రెండు కొలతల మీద రెండు నుంచి నాలుగు అంగుళాల లూజు కలపాలి. ఎంత కలపాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది.

ఇప్పుడు ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు గుర్తుపెట్టుకోండి. ఒకావిడకు పైఛాతీ 34, ఛాతీ 38. విదేశాల నుంచి వచ్చే ప్యాటర్న్‌లు చాలావరకు ఈ రెండింటి మధ్య రెండు అంగుళాల తేడా ఉంటుందనుకుని గీసినవి. ఈవిడకు తేడా నాలుగు. ఛాతీ 38 కదా అని 38 సైజు తీసుకుంటే, అది పైఛాతీ 36 ఉన్న మనిషి భుజాలకు గీసిన కాగితం. ఈవిడకు భుజం జారక ఏం చేస్తుంది? ఈవిడ తీసుకోవలసింది 36 సైజు. పైఛాతీ 34కు రెండు కలిపితే 36. భుజం, మెడ, చంక అన్నీ కుదురుతాయి. రొమ్ము దగ్గర మాత్రం మొత్తం మీద రెండు అంగుళాలు తక్కువ పడుతుంది. అంటే సగానికి మడిచిన ముందు భాగంలో ఒక అంగుళం. ఆ అంగుళాన్ని సరిగ్గా ఆ చోటనే కలపాలి. భుజాన్ని పెద్దదిగా కోసి తర్వాత సరిచేయడం మహా కష్టం. చేయి ఊడదీయాలి, మెడ ఊడదీయాలి. ఛాతీ దగ్గర పెంచడం, తగ్గించడం దానితో పోలిస్తే చాలా తేలిక. సైజు భుజాన్ని బట్టి ఎంచుకోమని నేను అంత గట్టిగా చెప్పడం అందుకే.

ఆ అంగుళం ఎలా కలపాలో చెబుతాను. పాత క్యాలెండర్ కాగితమో, బ్రౌన్ పేపరో ఉంటే ముందు పెట్టుకోండి. వింటూ గీయవచ్చు, నెమ్మదిగానే చెబుతాను.

కాగితం మీద కుర్తా ముందు భాగంలో సగం ఉంది. భుజం పైన, మధ్య మడత మీకు ఎడమ పక్క, పక్క కుట్టు మీకు కుడి పక్క. భుజం నుంచి కొలిచిన కొలతతో రొమ్ము మొన ఎక్కడ వస్తుందో అక్కడ ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి తిన్నగా కిందకు, మధ్య మడతకు సమాంతరంగా, కుర్తా అడుగు దాకా ఒక గీత గీయండి. అదే చుక్క నుంచి పైకి, కుడివైపు వాలుగా, చంక వంపు దాకా రెండో గీత. చంక వంపును మూడు భాగాలు అనుకుంటే, కింది భాగం మొదలయ్యే చోట అది తగలాలి. మూడో గీత చుక్క నుంచి కుడికి, పక్క కుట్టు దాకా. చంకకు రెండు అంగుళాల దిగువన అది పక్క కుట్టును తాకితే చాలు.

ఇక కత్తెర. అడుగు నుంచి మొదటి గీత వెంట పైకి కోసుకుంటూ చుక్క దాకా రండి. అక్కడ మలుపు తిరిగి రెండో గీత వెంట చంక వైపు వెళ్లండి. చంక అంచు తెగకూడదు. అక్కడ నూలుపోగంత కాగితం మిగల్చండి. అది తలుపు బందులా పనిచేస్తుంది. ఇప్పుడు పక్క కుట్టు వైపు నుంచి మూడో గీతను చుక్క వైపు కోయండి. అక్కడా చుక్క దగ్గర పిసరంత కాగితం మిగల్చాలి. ఇప్పుడు పక్క ముక్కను మెల్లగా కుడికి జరపండి. చుక్క నుంచి అడుగు దాకా ఉన్న చీలిక అంచులు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, సరిగ్గా అంగుళం దూరంలో నిలిచేదాకా జరపండి. ఈలోగా మూడో గీత తనంతట తానే ముక్కోణంలా విచ్చుకుంటుంది. అదే డాటు. మన ఒంటికి ఎంత డాటు కావాలో కాగితమే చెప్పింది.

ఇంకో చిన్న పని ఉంది. అడుగున చూస్తే పక్క ముక్క కాస్త కిందకు దిగి, మధ్య ముక్క పొట్టిగా కనిపిస్తుంది. రొమ్ము మీదుగా దిగే గుడ్డకు పొడవు కూడా ఎక్కువ కావాలి కదా. చుక్కకు కింద, నడుముకు పైన ఎక్కడైనా మధ్య ముక్కను అడ్డంగా కోసి, రెండు అడుగులూ ఒకే గీతలోకి వచ్చేదాకా ఆ ముక్కను కిందకు జరపండి. ముందు కుట్టిన కుర్తాలు నడుము దగ్గర బాగానే ఉండి, ముందు వైపు మాత్రం పైకి లేచినట్టు ఉండేవా? కారణం ఈ పొడవు తక్కువ కావడమే. చీలికలన్నిటి కింద వేరే కాగితం పెట్టి అతికించేయండి. డాటు కొనను చుక్క దాకా తీసుకురాకండి, అంగుళం ముందే ఆపండి. చుక్క దాకా కుడితే గుడ్డ మొనదేలి నిలబడుతుంది. డాటును మడిచి, పక్క కుట్టు గీతను మళ్లీ కోసుకుంటే డాటు మొదలు సరైన ఆకారంలో వస్తుంది.

ఒకసారి కాగితాన్ని చూడండి. భుజం కదల్లేదు. మెడ మారలేదు. చంక వంపు పొడవు అంతే ఉంది, కాబట్టి చేతి కటింగును ముట్టుకోనక్కర్లేదు. నడుము దగ్గర వెడల్పు కాస్త పెరిగింది. అది అక్కర్లేనివాళ్లు పక్క కుట్టులో లాగేసుకోవచ్చు. ఛాతీ తక్కువ ఉన్నవాళ్లకు, ముందు భాగంలో గుడ్డ సంచిలా మిగిలేవాళ్లకు, ఇవే గీతలు, ఇవే కోతలు. విడదీసే బదులు ఒకదానిమీదకు ఒకటి జరిపి అతికించాలి.

ఇక చంక సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. చేయి పైకెత్తితే కుర్తా మొత్తం పైకి లేస్తుంది. బస్సులో పైన కడ్డీ పట్టుకున్నా, బోర్డు మీద రాస్తున్నా, అటక మీది డబ్బా అందుకుంటున్నా అదే ఇబ్బంది. చంక బిగుతుగా ఉందనుకుని కిందకు తవ్విస్తాం. అప్పుడు కుర్తా ఇంకా ఎక్కువ లేస్తుంది. చేయి కదిలేది భుజం కీలు దగ్గర. చంక కుట్టు కీలుకు ఎంత దగ్గరగా ఉంటే చేయి అంత స్వేచ్ఛగా ఆడుతుంది. చంక కిందకు దిగిపోయిందంటే చేతిని పక్కటెముకలకు కట్టేసినట్టే. చేయి లేస్తే పక్క కుట్టు కూడా దానితో లేవాల్సిందే. కాబట్టి చంకను పైకి తేవాలి. చేతులున్న కుర్తాకు చంక కింద సుమారు అంగుళం ఖాళీ ఉంటే సరిపోతుంది. చేతులు లేనిదైతే అర అంగుళం చాలు. కోసేసిన గుడ్డలో చంకను పైకి తేలేం గనుక ఈ మార్పు కాగితం మీదే జరగాలి. ఇప్పటికే కుట్టేసిన కుర్తా అయితే చంక కింద చిన్న నలుచదరపు ముక్కను ఏటవాలుగా కుట్టి చూడండి. పాతకాలపు లాల్చీల్లో ఆ ముక్క ఉండేది. పొలంలోనూ బావి దగ్గరా చేతులెత్తి పనిచేసేవాళ్ల బట్టలకు అది ఎంతో అవసరం.

చేతి కండ దగ్గర బిగుతు వేరే సంగతి. చేయి ఎత్తకపోయినా, కండ చుట్టూ అడ్డంగా గీతలు పడుతుంటే చేతి వెడల్పు చాలలేదన్నమాట. చేతి కాగితాన్ని మధ్యలో నిలువుగా, అడ్డంగా కూడా కోసి, కండ దగ్గర కావలసినంత విడదీయాలి. అప్పుడు చేతి పైన గుండ్రం కాస్త పొట్టిదవుతుంది. అది మంచిదే. గుండ్రం ఎత్తుగా, చేయి సన్నగా ఉంటే చూడటానికి అందంగా ఉంటుంది కానీ, కదలిక తగ్గిపోతుంది. ఇంటిపని చేసుకునే కుర్తాకు గుండ్రం తక్కువగా ఉన్న చేయే సుఖం.

కాగితం తయారైంది కదా అని వెంటనే కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టకండి. పాత దుప్పటి ఒకటి తీయండి. చీర కంటే దుప్పటే మేలు, ఎందుకంటే ఉతికి ఉతికి మెత్తబడిన చీర సాగుతుంది, మీకు నిజం చెప్పదు. దుప్పటి గుడ్డను కటింగు ప్రకారం కోసి, ఛాతీ దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, సీటు దగ్గర ఒకటి పెన్నుతో అడ్డగీతలు గీయండి. మిషన్ మీద అన్నిటికన్నా పొడవు కుట్టు పెట్టి అతికించండి. తొడుక్కుని అద్దం ముందు నిలబడండి. వీపు వైపు ఎవరితోనైనా ఫోన్‌లో ఫోటో తీయించుకోండి. ఆ అడ్డగీతలు నేలకు సమంగా ఉన్నాయా? ఎక్కడ గీత పైకి లేచిందో అక్కడ పొడవు చాలలేదు. ఎక్కడ కిందకు వేలాడిందో అక్కడ పొడవు ఎక్కువైంది.

తర్వాత ముడతలు చూడాలి. వెడల్పు చాలనప్పుడు గుడ్డ బిగిసి, చాలని చోటు వైపు గీతలు లాగుతుంది. సీటు దగ్గర అడ్డంగా గీతలు పడి కుర్తా పైకి ఎగబాకుతుంటే సీటు చాల్లేదు. రొమ్ము మొన నుంచి పక్కలకు, చంకకు గీతలు పడుతుంటే ఇందాకటి అంగుళం ఇంకా చాల్లేదు. ఎక్కువైనప్పుడు గుడ్డ బిగుసుకోదు, వదులుగా మడతపడుతుంది. మడత నిలువుగా పడితే వెడల్పు ఎక్కువ, అడ్డంగా పడితే పొడవు ఎక్కువ. ముడత పడిన చోట గుండుసూదితో పట్టి చూడండి, లేదా బిగుతు ఉన్న చోట కత్తెరతో చీల్చి చూడండి. దుప్పటే కదా, ధైర్యంగా చీల్చండి. ఆ చీలిక ఎంత విచ్చుకుందో స్కేలుతో కొలిస్తే, కాగితంలో కలపవలసిన కొలత అదే.

మెడ మొదట్లోంచి చంక వైపు ఏటవాలుగా ముడతలు పడుతున్నాయంటే భుజాలు వాలుగా ఉన్నాయన్నమాట. భుజం గీత బయటి కొనను పావు అంగుళమో, అరంగుళమో కిందకు దించండి. చంకను కూడా అంతే దించాలి, లేకపోతే చంక బిగుస్తుంది. వెనక మెడ కింద అడ్డంగా ఒక మడత నిలబడితే భుజాలు చదునుగా ఉన్నాయి, ఆ కొనను పైకి తేవాలి. ఏళ్ల తరబడి ఒకే భుజానికి బ్యాగు తగిలించుకున్నవాళ్లలో, బిందె ఒకే చంకన మోసినవాళ్లలో కొందరికి ఒక భుజం కిందకు వాలి ఉంటుంది. వాళ్లు సగం కాగితంతో కోయకూడదు. రెండు సగాలూ వేరువేరుగా గీసుకోవాలి.

వీపు కాస్త ముందుకు వంగినవాళ్లకు కుర్తా మెడ వెనక్కి జారి, ముందు గొంతుకు ఆనుకుంటుంది. వెనక అడుగు పైకి లేస్తుంది. కుట్టేవాళ్లకూ, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లకూ ఇది ఎక్కువ. రెక్క ఎముకల ఎత్తున వెనక కాగితాన్ని మధ్య నుంచి చంక దాకా అడ్డంగా కోసి, మధ్యన అరంగుళం విడదీయాలి. దానితో మెడ దగ్గర పెరిగిన వెడల్పును భుజం కుట్టులో చిన్న డాటుగా మడవవచ్చు. నడుము లోపలికి వంగి ఉన్నవాళ్లకు వెనక నడుము దగ్గర గుడ్డ కుప్పపడుతుంది. అక్కడ పొడవు తగ్గించాలి, పక్క కుట్టు దగ్గర మాత్రం తగ్గకూడదు. మడత మీద కోసే వీపు పలకతో ఆ పని కుదరదు. వీపు మధ్యన ఒక కుట్టు వేసుకుని, ఆ కుట్టును వంపుగా గీసుకుంటే కుర్తా వీపుకు అద్దినట్టు ఉంటుంది.

ఇలా దిద్దుకోవడం కేవలం అందం కోసమే అనుకోకండి. రొమ్ముకు శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లకు రెండు వైపులా ఒకే కొలత ఉండదు. కొట్లో ఏ సైజూ వాళ్లకు కుదరదు. రెండు వైపులకూ రెండు కాగితాలు గీసుకుంటే, ఒక వైపు డాటు పెద్దది, ఒక వైపు చిన్నది లేదా అసలే లేనిది, పైకి మాత్రం రెండు భుజాలూ సమంగా ఉంటాయి. మధుమేహం ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువ. డాక్టర్లు దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. చేయి పైకెత్తలేని మనిషికి తలమీదుగా తొడిగే కుర్తా రోజూ ఒక పరీక్ష. ముందు భాగాన్ని మధ్యలో నిలువుగా విడదీసి, అటూ ఇటూ గుండీల పట్టీ, కాజాల పట్టీ వేసి, అడుగు దాకా తెరుచుకునేలా కుట్టండి. ఇంకొకరి సాయం లేకుండా ఆవిడ తన బట్టలు తానే వేసుకోగలుగుతుంది. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్లకు కుర్తా ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా కోయాలి. కూర్చున్నప్పుడు ముందు గుడ్డ ఒడిలో కుప్పపడకూడదు, వెనక గుడ్డ లేచి నడుము కనిపించకూడదు. ఈ మార్పులకు ఖర్చు కాగితమంతే. పిల్లకు పాలిచ్చే తల్లికి రెండు పక్కలా డాట్ల వెంట జిప్పు పెట్టడం కూడా ఇలాంటిదే. ఇంట్లో ఒకరు కుట్టడం నేర్చుకుంటే ఇంటిల్లిపాదిలో ఎవరికి ఏ అవసరం వచ్చినా అది తీరే దారి ఇంట్లోనే ఉంటుంది.

గుడ్డ గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. మొదటి కుర్తాకు జారిపోయే క్రేపు, జార్జెట్టు వద్దు. మంగళగిరి నూలు గుడ్డ తీసుకోండి. నేత గట్టిగా ఉంటుంది, కత్తెర కింద జరగదు, ఇస్త్రీ పెడితే మడత నిలుస్తుంది. పన్నా 44 అంగుళాలుంటే చేతులతో కలిపి మామూలుగా రెండున్నర మీటర్లు సరిపోతుంది. ఇంటికి తేగానే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. నూలు ముడుచుకునేదేదో కోయక ముందే ముడుచుకుంటుంది. కుర్తా పొడవు గుడ్డ పక్క అంచుకు సమాంతరంగా ఉండాలన్నది సాధారణ నియమం, ఎందుకంటే పడుగు పోగులు తక్కువ సాగుతాయి. కానీ మంగళగిరి గుడ్డ అంచు కుర్తా అడుగున రావాలని ఆశపడితే అడ్డంగా కోయాలి. అప్పుడు కుర్తా పొడవు పన్నా దాటకూడదు, భుజం దగ్గర కుట్టుకు గుడ్డ కూడా అందులోనే పోవాలి. కాబట్టి 44 పన్నాలో 42 అంగుళాలకు మించి ఆశించకండి. దారం గుడ్డ రంగుకు ఒక ఛాయ ముదురుగా తీసుకుంటే కలిసిపోతుంది. సూది 14 నంబరు చాలు, మరీ పలచని మల్లు గుడ్డకు 11. విదేశీ ప్యాటర్న్ వాడేవాళ్లు ఒక సంగతి తప్పకుండా చూసుకోండి. కొన్నిటిలో కుట్టుకు వదిలే గుడ్డ కలిపే గీస్తారు, కొన్నిటిలో కలపరు. కలిపినా అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులకు కాస్త అటూ ఇటూ మాత్రమే వదులుతారు. మన పద్ధతిలో పక్క కుట్ల దగ్గర అంగుళన్నర వదలండి. ఒళ్లు మారితే విప్పి వదులుచేసుకోవచ్చు. మెడకు, చంకకు మాత్రం అరంగుళం దాటకూడదు, ఎక్కువ వదిలితే వంపు తిరగదు.

గొడుగు కటింగు కుర్తా అయితే అడుగు మడవడానికి తొందరపడకండి. చేతులూ మెడా అన్నీ కుట్టి, కుర్తాను హేంగరుకు తగిలించి ఒక రాత్రి వదిలేయండి. ఏటవాలుగా కోసిన చోట్ల గుడ్డ దాని బరువుకే సాగుతుంది. పొద్దున తొడుక్కుని, ఎవరినైనా నేల మీద స్కేలు నిలబెట్టి చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టమనండి. ఆ గుర్తుల వెంట మడిచి హెమ్మింగ్ చేయండి. దిద్దిన కాగితం మీద మీ పేరు, తేదీ, పైఛాతీ, ఛాతీ కొలతలు, ఎక్కడెక్కడ ఎంత కలిపారో రాసిపెట్టుకోండి. దాన్ని మడతపెట్టవద్దు, చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంచండి. మడతల దగ్గర కాగితం నలిగితే గీత పక్కకు పోతుంది.